అంపమన్న మాట

మా అత్తయ్య పోయారన్న కబురు ఫోన్లో వచ్చింది. అప్పుడు నేను ఇంట్లో అమ్మవారి ఘటం ముందు కూర్చుని అగ్గిపుల్ల గీస్తున్నాను. ఆసుపత్రిలో ఆవిడ దగ్గర మా ఆయన్ని కూర్చోబెట్టి, స్నానం చేసి దీపం పెట్టి వచ్చేద్దామని ఇంటికి వచ్చాను. ఎవరికి ఎలా ఉన్నా పొద్దున్న పూట ఆ దీపం తప్పదు మా ఇంట్లో. పుల్ల వెలిగింది, ఫోను మోగింది. ఎడమ చేత్తో ఎత్తితే మా ఆయన, "అమ్మ లేదు" అన్నారు.

చావు కబురు చెవిన పడ్డాక ఆ ఇంటివాళ్లకి మైల. అమ్మవారికి దీపం పెట్టకూడదు. కానీ పుల్ల నేను కబురు రాకముందే గీశాను. ప్రమిదలో నూనె పోసి ఉంది, ఒత్తి నానింది. వెలిగించాలా, ఆర్పాలా? ఇలాంటివి నేను ఒక్క అత్తయ్యనే అడిగేదాన్ని. అలా చూస్తూ ఉండగానే పుల్ల కాలుకుంటూ వచ్చి వేలికి చురుక్కుమంది. వదిలేశాను. దీపం వెలగలేదు. వేలి మీద బొబ్బ తగ్గిపోయింది గానీ నేను చేసింది సరైనదో కాదో ఈ రోజుకీ తెలియదు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. నలుగురున్న చోట నోరు పెగలదు నాకు. కాగితం మీదైతే కొంచెం నయం. మా కాలనీలో కట్టిన ఫ్లెక్సీ మీద అత్తయ్య ఫొటో కింద "అమ్మవారి సేవకురాలు" అని వేశారు. అది నిజమే. అయితే ఆవిడ ఆ సేవ ఎలా చేశారో, అందులో ఎంత కష్టపడ్డారో ఫ్లెక్సీలో పట్టదు కదా. అందుకని రాస్తున్నాను.

మా అత్తవారిది స్టీల్ ప్లాంటు కోసం ఖాళీ చేసిన ఊళ్లలో ఒకటి. ఇప్పుడు ఆ ఊరు లేదు, ప్లాంటు గోడ లోపల ఎక్కడో ఉండేదట. ఊరు లేచినప్పుడు మనుషులతోపాటు అమ్మవారూ లేచింది. రాతి విగ్రహం ఎడ్లబండి మీద వచ్చింది. ఘటాన్ని మాత్రం బండెక్కించకుండా అత్తయ్య వాళ్ల అత్తగారు నెత్తిన పెట్టుకుని, ఊరివాళ్లకి బదులిచ్చిన ఈ కాలనీ దాకా నడిచారట. అత్తయ్య అప్పటికి కొత్త కోడలు. వెనకాల వేపమండలు పట్టుకుని నడిచానని చెప్పేవారు. విగ్రహాన్ని కుళాయి పక్కన రేకుల కింద నిలబెట్టారు. ఇప్పుడు శ్లాబు గుడి అయింది, గ్రిల్లు తలుపులు, టైల్సు, రోజూ వచ్చే పూజారి, అన్నీ వచ్చాయి. ఘటం మాత్రం మొదటినుంచీ మా ఇంట్లోనే. ఇత్తడిది, ఓ పక్క సొట్ట. వంటింటికీ హాలుకీ మధ్య మూలలో నేలమీద కుదురులో కూర్చుని ఉంటుంది. ఏడాదికోసారి పండగలో దాన్ని పసుపు నీళ్లతో నింపి, వేపమండలు కట్టి, మూత మీద దీపం పెట్టి మా ఇంటి ఆడమనిషి తలమీద ఎత్తుకోవాలి. అదీ మా ఇంటికున్న వంతు.

మా నాన్నది గోదావరి వైపు. పోర్టులో ఖలాసీ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను విశాఖలోనే పుట్టినా ఇంట్లో మాట మాత్రం అటువైపుదే. పెళ్లయిన కొత్తలో నేను "అత్తయ్యగారూ" అని పిలిస్తే ఆవిడ చుట్టూ చూసి, "గారేటే గుంటా, నానేటి తాసిల్దారునా?" అన్నారు. నేను సిగ్గుపడి ఆ రోజంతా ఏమనీ పిలవకుండా గడిపేశాను. తర్వాత "గారు" వదిలేసి "అత్తయ్యా" అనడం అలవాటైంది. ఆవిడ మాట నాకు సగమే అర్థమయ్యేది. "బేగి రా" అంటే, "కూకో" అంటే కంగారుపడి నిలబడేదాన్ని. ఆవిడ నవ్వి మళ్లీ చెప్పేవారు. ఒక్కోసారి నా మాటని ఎగతాళిగా సాగదీసి అనేవారు. కానీ నలుగురి ముందు ఎప్పుడూ అనలేదు.

ఘటం దగ్గర పని నాకు ఆవిడ నేర్పారు అనలేను. నేర్పుతున్నట్టు ఉండేది కాదు. "ఇలా వొచ్చి ఈ మూత పట్టుకో" అనేవారు, అంతే. పట్టుకుని నిలబడితే ఆవిడ చేసేది కనిపించేది. గాలికి వచ్చి పడే నల్లటి దుమ్ముని ముందు పొడిగుడ్డతో తుడవాలి, తర్వాతే తడిగుడ్డ. ముందే తడి తగిలితే ఇత్తడి మీద చారలు పడతాయి. పసుపు రాసేటప్పుడు సొట్ట దగ్గర వేలు నెమ్మదిగా తిప్పేవారు, దెబ్బ తగిలిన చోట పిల్లలకి మందు రాసినట్టు. నైవేద్యం ఎప్పుడూ చల్లటిదే. పెరుగన్నం, పానకం, చలివిడి. ఘటం ఉన్న వైపు తిరిగి పోపు పెట్టకూడదు. ఇంట్లో గొంతు పెంచకూడదు. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి చిరాకుతో అరిస్తే ఆవిడ ఆయన్నేమీ అనేవారు కాదు. లేచి ఘటం మీద కాసిని నీళ్లు చిలకరించేవారు. ఆయన అది చూసి నోరు మూసుకునేవారు.

"అమ్మోరుకి ఏడి పడదు. ఇంట్లో ఆడోలికీ పడదు" అనేవారు.

మా పాపకి మూడేళ్లప్పుడు ఒళ్లంతా పొక్కులు లేచాయి. ఇక్కడ దాన్ని జబ్బు అనరు, అమ్మవారు వచ్చిందంటారు. నాకు చాలా భయం వేసింది. అత్తయ్య పాపని ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మందు రాయించుకొచ్చారు. ఇంటికి వచ్చి గుమ్మానికి వేపమండ కట్టారు. మందు వేళకి మందు వేయడం, వేపాకు పరిచి పడుకోబెట్టడం రెండూ ఆవిడే చేశారు. పక్కింటావిడ వచ్చి అమ్మవారొస్తే మందులేమిటని సాగదీస్తే, "అమ్మోరు పిల్లని సూడ్డానికొచ్చింది. డాక్టరూ సూడ్డానికే కదా వొచ్చినాడు. ఇద్దరూ సూత్తారు" అని పంపేశారు.

పొక్కులు మాడి పాపకి నీళ్లు పోసే రోజు వచ్చింది. నేను హమ్మయ్య అనుకుని, "ఇంక అమ్మవారిని పంపించెయ్యొచ్చా అత్తయ్యా?" అన్నాను. ఆవిడ చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది.

"పంపించడమేటే? అదేటి కొరియరా? అంపాల."

నాకు తేడా తెలియలేదు. అప్పుడావిడ పీట వాల్చుకుని కూర్చున్నారు. చలివిడి కోసం నానబెట్టిన బియ్యం వార్చి గుడ్డమీద ఆరబోస్తూ చెప్పారు. సామానుని పంపుతారు, పనివాణ్ని బజారుకి పంపుతారు. ఆడపిల్లని పంపరు, అంపుతారు. "నిన్ను మీ అమ్మోలు పంపినారేటి? ఒళ్లో సలివిడి పెట్టి, పసుపూ కుంకమిచ్చి, ఏడుత్తూ అంపినారు. అంపకాలని ఎందుకన్నారు మరి? పంపినోల్ని తిరిగి సూడరు. అంపినోల్ని మల్లీ రమ్మన్నట్టే." ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి పిండి దంచాం. నేను పిండి బరకగా ఉండగానే జల్లించబోతే రోకలి మళ్లీ నా చేతికే ఇచ్చారు. బెల్లం కలిపి ముద్ద చేసి, వేపాకులో పెట్టి పాప తలచుట్టూ తిప్పి, "ఎల్లి రా తల్లీ, సల్లగా ఎల్లి రా" అని చుట్టాన్ని దిగబెడుతున్నట్టు గుమ్మం దాకా నడిచారు. గుమ్మం దాటాక కాసేపు వీధి చివరికి చూస్తూ నిలబడ్డారు కూడా. ఎవరో నడిచి వెళ్తున్నట్టే నాకూ అనిపించింది.

పండగ ఆఖరి రోజుని మా కాలనీలో అనుపు అంటారు. అంపడమే అనుపు. పాత ఊళ్లో అయితే అమ్మవారిని పొలిమేర దాకా తీసుకెళ్లి అంపేవారట. కాలనీకి పొలిమేర ఏది? ఓ పక్క ఇంకో కాలనీ, ఓ పక్క మెయిన్ రోడ్డు, ఓ పక్క దువ్వాడ వైపు వెళ్లే రైలు పట్టాలు. మొదటి ఏడాది మగవాళ్లు ఎటు వెళ్లాలో తేల్చుకోలేక వాదించుకుంటూ ఉంటే అత్తయ్య వాళ్ల అత్తగారు ఘటంతో తిన్నగా ప్లాంటు గోడ వైపు నడిచేశారట. గోడవతల పాత ఊరు. అది అమ్మవారి పుట్టిల్లు. అప్పటినుంచీ అనుపు గోడ దాకానే. గోడ మొదట్లో ఆకేసి చలివిడి ముద్ద పెట్టి, ఘటంలో నీళ్లు అక్కడ ఒంచేసి, ఖాళీ ఘటాన్ని ఇంటికి తెచ్చుకుంటాం. ఖాళీది ఎందుకు తేవడమని కొత్తలో నేను అడిగాను. మళ్లీ వచ్చినప్పుడు కూర్చోవడానికి చోటుండాలి కదా అన్నారు.

మామయ్య పోయినప్పుడు కాలనీలో కొందరు గుసగుసలాడారని తోటికోడలు నాతో చెప్పింది. బొట్టు తీసిన మనిషి ఘటం ఎత్తవచ్చా అని. అత్తయ్య దాకా వచ్చిందా మాట. ఆవిడ కుళాయి దగ్గర బిందె నింపుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా, "అమ్మోరుకి మొగుడున్నాడేటి, నాకుండాలనడానికి?" అన్నారట. ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు ఆ సంగతి.

ఘటం నెత్తికెక్కాక ఆవిడ వేరే మనిషి. అమ్మవారు ఒంటిమీదికి వచ్చేది. కళ్లు ఎక్కడో ఉండేవి, గొంతు మారేది. జనం కాళ్లకి నీళ్లు పోసి కష్టాలు చెప్పుకునేవారు. మా వీధి చివర ఆటో నడిపే ఆయన ఓసారి, పుట్టింటికి వెళ్లిన నా పెళ్లాం వస్తుందా తల్లీ అని అడిగాడు. "ముందు తాగుడు మానీరా" అంది అమ్మవారు. డప్పులవాళ్లు కూడా నవ్వేశారు. పండగయ్యాక అతను మా ఇంటికొచ్చి, ఆ మాట అమ్మవారన్నదా నువ్వన్నావా అని అత్తయ్యని నిలదీశాడు. "ఎవులన్నా నీకెందుకురా. మానినావా, నేదా?" అన్నారు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. పెళ్లాం కొన్నాళ్లకి వచ్చింది. మానాడో లేదో నాకు తెలియదు.

నేను మాత్రం ఆ వేళ దూరంగా, ఆడవాళ్ల వెనకాల నిలబడేదాన్ని. ఎప్పుడైనా ఆ చూపు నామీద పడుతుందేమోనని తల వంచుకునేదాన్ని. ఎందుకంటే ఆవిడ తర్వాత ఎత్తవలసింది ఎవరో అందరికీ తెలుసు. తోటికోడలు వాళ్లు మద్దిలపాలెంలో ఫ్లాటులో ఉంటారు. ఆవిడ ఉద్యోగస్తురాలు, తనవల్ల కాదని ఎప్పుడో చెప్పేసింది. మిగిలింది నేను. నలుగురిలో మంచినీళ్లు అడగడానికే మొహమాటపడే నేను అంతమంది మధ్య జుట్టు విరబోసుకుని నడవాలి. అమ్మవారు రాకపోతే నవ్వులపాలు. వస్తే ఏమవుతానో అని భయం. ఈ రెండు భయాల గురించీ ఆవిడతో అనలేదు. ఆవిడకి తెలుసని ఇప్పుడనుకుంటున్నాను.

ఆవిడ ఎత్తిన ఆఖరి పండగ మర్నాడు మధ్యాహ్నం నువ్వులనూనె వెచ్చబెట్టి ఆవిడ మెడకి రాస్తున్నాను. మెడ నరాలు కర్రల్లా బిగిసి ఉన్నాయి. పాప నిద్రపోతోంది. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. ఆవిడ గోడకేసి చూస్తూ మామూలుగా, ఉప్పు అయిపోయింది అన్నట్టు అన్నారు.

"ఈయేడు రానేదే."

రానిది అమ్మవారని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. ఊగారు కదా అత్తయ్యా అన్నాను.

"అది బరువు. మెడ లాగీసింది, కాళ్లు వొణికినాయి."

మరి అందరికీ పలికారు కదా అన్నాను.

"ఏటి పలికినాను? ఎవులడిగినా సల్లగుండు, సల్లగుండు అన్నాను. ఆ మాట ఏ ముసిల్దయినా అనొచ్చు."

నా చేతులు ఆగిపోయాయి. రాయమన్నట్టు భుజం కదిపారు. రాశాను. ఇదే మొదటిసారి కాదట. పెద్దకొడుకు పుట్టిన ఏడాది రాలేదు. మామయ్య పోయాక, సూతకం తీరి మళ్లీ ఎత్తిన ఏడాదీ రాలేదు. వాళ్ల అత్తగారికీ కొన్నేళ్లు వచ్చేది కాదట, ఆవిడా ఇలాగే నూనె రాయించుకుంటూ చెప్పారట. అలాంటప్పుడు కిందికి దించెయ్యచ్చు కదా అని అడిగాను. మోసం కాదా అని అడగాలనిపించింది, అడగలేకపోయాను. ఆవిడ అదీ విన్నట్టే జవాబు చెప్పారు.

"వొత్తాదో రాదో దానిట్టం. మొయ్యడం మనపని. రానేదని దించీసినావనుకో, తిరిగొచ్చినప్పుడు యే నెత్తి మీద కూకుంటాది?"

ఎవరితోనూ అనొద్దని మాత్రం చెప్పలేదు. నేను మాట్లాడే మనిషిని కాను కనక చెప్పక్కర్లేదనుకున్నారేమో. ఇది రాయవచ్చో లేదో అని చాలా రోజులు ఆగాను. చదివినవాళ్లకి ఆవిడ మీద నమ్మకం తగ్గుతుందేమోనని బెంగ. నాకైతే ఆ మధ్యాహ్నం నుంచే ఆవిడ కాళ్లకి నిజంగా దండం పెట్టాలనిపించింది. అమ్మవారు పట్టి నడిపిస్తే ఎవరైనా నడుస్తారు. ఎవరూ పట్టుకోకుండా ఆ ఎండలో, ఆ బరువుతో, ఆ వయసులో గోడ దాకా నడిచారు.

ఆ చలికాలం ఊపిరి ఆడక మంచం పట్టారు. ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టారు. మాట సన్నబడిపోయింది. పోయిన రోజు పొద్దున్న, మా ఆయన ఇంకా రాకముందు, నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగారు. చెవి పెట్టాను.

"అమ్మనంపీ" అన్నారు. కాసేపు ఆయాసపడి మళ్లీ అదే అన్నారు. "అమ్మనంపీ."

నేను తల ఊపాను. కళ్లు మూసుకున్నారు. తర్వాత మా ఆయన వచ్చారు, నేను దీపానికని ఇంటికి బయల్దేరాను.

ఆ మాట నేను మా ఆయనకి విన్నది విన్నట్టే చెప్పాను. మా ఆయన నుంచి బావగారికి, బావగారి నుంచి గుడి కమిటీకి చేరేసరికి అందులో ఒక అక్షరం మారింది. అమ్మని పంపీమంది, అంటే ఘటాన్ని ఇంట్లోంచి పంపించెయ్యమంది అని అందరికీ పాకింది. పెద్దకర్మ అయిన మర్నాడు కమిటీవాళ్లు మాట్లాడ్డానికి వచ్చారు. పండగ దగ్గర పడుతోంది. మాకు ఏడాది సూతకం, ఈసారి ఘటం మా ఇంట్లోంచి లేవకూడదు. గుడికి తీసుకెళ్లాలి. అక్కడిదాకా ఎవరికీ అభ్యంతరం లేదు. ఏడాది తర్వాత సంగతే మిగిలింది.

బావగారు చెడ్డవారు కాదు. తల్లి మీద ప్రాణం ఆయనకి. ఘటం ఇంక గుళ్లోనే ఉండిపోనివ్వండి అన్నారు. తమ్ముడు రేపో మాపో దువ్వాడలో ఫ్లాటుకి మారతానంటున్నాడు, మూడో అంతస్తులో ఘటం పెడితే పైన వేరేవాళ్ల బాత్రూము ఉంటుంది, అది పాపం కాదా అన్నారు. కమిటీలో కుర్రవాళ్లు తలలాడించారు. "అయినా ఈ పిల్ల మోత్తాదేటి? గాలొత్తే ఎగిరిపోద్ది" అని బావగారు అంటే కొందరు నవ్వారు. నన్ను కష్టపెట్టాలని అనలేదు, తప్పించాలనే అన్నారు. "అమ్మే సెప్పింది కదా, పంపీమని. మనమేటి సేత్తాం?" అన్నారు. మా ఆయన నేల చూపులు చూస్తూ కూర్చున్నారు.

నేను వంటింటి గుమ్మం దగ్గర టీ గ్లాసుల ట్రే పట్టుకుని ఉన్నాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణం నా లోపల ఒక మనిషి హమ్మయ్య అనుకుంది. ఊరుకుంటే చాలు. నా భయాలు రెండూ ఆ గుమ్మం దాటి వెళ్లిపోతాయి. జీవితంలో ఎప్పుడూ చేసే పనే, ఊరుకోవడం. ఊరుకుంటే ఎవరూ తప్పు పట్టరు.

కానీ ఆవిడ అనని మాట ఆవిడ నోట్లో పెడుతున్నారు. అది వింటుంటే గ్లాసులు గలగలలాడాయి. అందరూ ఇటు చూశారు.

"పంపమనలేదండి" అన్నాను. గొంతు నాకే వినిపించలేదు. మళ్లీ అన్నాను. "పంపమనలేదు. అంపమన్నారు."

బావగారు, "రెండిటికీ ఏటమ్మా తేడా?" అన్నారు. ఆయన విసుక్కోలేదు, తెలియకే అడిగారు. రోకలి, పిండి, పాప ఒంటి మీద వేపాకు, వీధి చివరికి చూస్తూ నిలబడ్డ ఆవిడ, అన్నీ కళ్లముందుకొచ్చాయి గానీ మాట రాలేదు. కమిటీలో పాత ఊరి మనిషి ఒక్కాయన ఉన్నారు. అత్తయ్య ఆయన్ని మరిదీ అని పిలిచేవారు. ఆయన గ్లాసు కింద పెట్టి, మీ అత్త అన్నది అన్నట్టు సెప్పమ్మా అన్నారు.

"అమ్మనంపీ" అన్నాను. నా గోదావరి నోటితో ఆ మాట ఎలా ఉందో తెలియదు. ఎవరూ నవ్వలేదు.

ఆయన బావగారి వైపు తిరిగి, "రెండూ ఒకటి కాదురా" అన్నారు. "మీ మామ్మ ఊరొగ్గి వొచ్చినప్పుడు ఇదే మాటంది. అంపితే మల్లీ తెచ్చుకోవాల." ఆగి నా వైపు చూశారు. "యేడాది తిరిగినాక తెచ్చుకునీదెవులు? నువ్వేనా అమ్మా?"

గదిలో అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. నా తల కదిలింది. అది ఒప్పుకోవడమో వణుకో నాకే తెలియదు. వాళ్లు ఒప్పుకోవడమనే తీసుకున్నారు.

శుద్ధి అయిపోయింది కనక చలివిడి నేనే దంచాను. ఈసారి బరకగా లేదు. పాత ఊరి మరిదిగారి ఇంటి ఆడవాళ్లు గుమ్మం బయట నిలబడ్డారు. ఘటానికి పసుపు రాసి, మూత మీద చలివిడి ముద్ద పెట్టి, గుమ్మం లోపలినుంచి వాళ్ల చేతుల్లోకి ఇచ్చాను. ఎల్లి రా తల్లీ అని ఆవిడలా అనాలనుకున్నాను. పెదవులు కదిలాయి. మా ఆయన నా వెనకాల నిలబడి ఏడ్చారు. ఆసుపత్రిలో కూడా అలా ఏడవలేదు. అత్తయ్య తలకి వేసుకునే చుట్టకుదురు, పాత చీర పేలికలు చుట్టి చేసింది, అదీ ఇచ్చేయబోతే పాత ఊరి మరిదిగారు వద్దన్నారు. అది తలకాయది, కుండది కాదు, ఎవరిది వాళ్లు చుట్టుకోవాలి అన్నారు.

ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు అత్తయ్య అమ్మ అన్నది అమ్మవారినేనా? మా ఆయన ఆవిడని అమ్మ అనే పిలుస్తారు. వెళ్లిపోతున్నానని తెలిసి, తనని నవ్వుతూ అంపమని అన్నారేమో. అలా అయితే నేను గుమ్మంలో చెప్పిందంతా నా ఊహే అవుతుంది. ఘటాన్ని నేనే పట్టుకుని వేలాడినట్టు అవుతుంది. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా చేస్తున్న పని మీద మనసు నిలవదు. అందుకే ఆ రోజు పిండి కొంచెం ఎక్కువ దంచాను. సాయంత్రం పాపని తీసుకుని ప్లాంటు గోడ దగ్గరికి వెళ్లి రెండో ముద్ద ఆకులో పెట్టి వచ్చాను. ఏ అమ్మనన్నా, అమ్మకి అందుతుందని. గోడవతల ఆకాశం ఎర్రబడింది. ఆ వెలుగులో చీమలు బారుగా వస్తూ కనిపించాయి. పాప, నాన్నమ్మ ఊరు ఇదేనా అని అడిగింది. అవునన్నాను.

ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఓ మధ్యాహ్నం ఆ చుట్టకుదురు తలమీద పెట్టుకుని చూశాను. పెద్దదైంది, కనుబొమల మీదికి జారింది. లోపలివైపు పసుపు మరక, దారాల్లో చిక్కుకుని రెండు తెల్లవెంట్రుకలు. తీసి మేకుకి తగిలించాను. నా పెళ్లిచీర పాతబడింది. చింపడానికి ఇంకా చేతులు రావడం లేదు.

ఘటం కూర్చున్న చోట సిమెంటు మీద గుండ్రంగా పసుపు గుర్తు ఉండిపోయింది. తుడిస్తే పోతుంది. రోజూ తడిగుడ్డ పట్టుకుని నేల తుడుస్తూ అక్కడిదాకా వస్తాను, గుండ్రం చుట్టూ తిప్పి వచ్చేస్తాను. పాప బొమ్మతో పరిగెత్తుకుంటూ వస్తుంది. అక్కడికి వచ్చేసరికి, అడ్డం ఏమీ లేకపోయినా, పక్కకి ఒదిగి, చుట్టూ తిరిగి వెళ్తుంది.